హాజరుపట్టీలోని ప్రశ్న
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)

 

వార్షికోత్సవమున బహుమతులు పంచుట ఆచారము. నేడు మేము మీరింకను సంపాదింపవలసిన యొక బహుమతిని గూర్చి చెప్పదలచితిమి. హైస్కూలు విద్యార్థులు ప్రజారోగ్యమును గూర్చి పరిశోధన చేసి పారితోషికములు పొందుట మీకు వింతగా తోచవచ్చును. కాని యది జరుగుచున్న పనియే.

2020లో కరోనా లోకమును పీడించుచుండగా, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున పెరుగుచున్న మన తెలుగువారి బిడ్డ, పదునాలుగేండ్ల చేబ్రోలు అనిక, 3ఎమ్ యువశాస్త్రజ్ఞుల పోటీలో ప్రథమురాలై 25,000 డాలర్లు గెలుచుకొనెను. ఆమె మొదట ఫ్లూ జ్వరమునకు మందు వెదకుచుండెను. తానే ఆ జ్వరముతో బాధపడుట అందులకు కారణము. పిమ్మట కరోనా వైరసుపై కొమ్మువలె నుండు ప్రొటీనునకు అతుక్కొనగల అణువును కంప్యూటరు సాయమున గుర్తించెను. అది మందు కాదు. మందుకొఱకు చేయు వెదకులాటలో తొలిమెట్టు.

“మన పిల్లలకు అంతటి సాధనము లెక్కడివి?” అని పెద్దలనవచ్చును. సాధనములకన్న ముందు ప్రశ్న పుట్టవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దఱు స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే మరణించిరి. ఆయన పైచదువునకు కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయపడినది. అమెరికాలో ఆయన నడపిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధానమును, బోదకాలు వ్యాధికి మందును లోకమున కిచ్చినది. అట్టి దానము మన జయపురమునకును క్రొత్త కాదు. మహారాజా విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలొసగిరి. అందలి సైన్సు కళాశాల వారి పేర వెలసినది.

మఱి మన ప్రశ్న యేది? మన కొండలు మలేరియాకు పేరుపడినవి. 1897లో రొనాల్డ్ రాస్ సికిందరాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెనని మేము ఏండ్లతరబడి బోధించితిమి, పిల్లలు వల్లెవేసిరి. వానకాలమున జ్వరముతో బడికి రాని పిల్లల పేర్లకెదుట గైర్హాజరు గుర్తు వేసితిమి. కారణమడుగలేదు. ఏ వీధివారో, ఏ వాగు దగ్గఱివారో లెక్కింపలేదు. మన కొండలలో మలేరియాను వ్యాపింపజేయు ఫ్లూవియాటిలిస్ దోమ మెల్లగా పాఱు వాగుల యంచున గ్రుడ్లు పెట్టును. ఆ వాగును, ఈ పట్టీని కలిపి చూడవలెనని మాకు తోచలేదు. ఇది మా లోపమని యొప్పుకొనుచున్నాము.

లెక్క చూచిన ఫలమెట్టిదో వినుడు. 2016లో ఒడిశాలో నాలుగు లక్షలకు మించి మలేరియా కేసులుండెను. 2017 నుండి మారుమూల గ్రామములలో జ్వరము లేనివారిని సైతము పరీక్షించి మందిచ్చిరి, దోమతెరలు పంచిరి. 2019 నాటికి అవి నలుబది వేలకు లోబడెను. 2023లో మరల పెరిగెను. కావున లెక్క ఆగరాదు.

తెలుగున చదువుటవలన వెనుకబడుదుమని మీరు భయపడవలదు. కేంద్రప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకమున ఎన్నికైన విద్యార్థి యాలోచనకు 10,000 రూపాయలు లభించును. దానిని తెలుగుననే వ్రాసి పంపవచ్చును. మీరు ఇంట తెలుగు, అంగడిలో ఒడియా మాటలాడుదురు. జ్వరపడినవానిని వాని భాషలో కుశలమడుగుట పరిశోధకునికి గొప్ప సాధనము గదా!

వచ్చు వానకాలమునుండి హాజరుపట్టీ ప్రక్కన మఱియొక పుస్తకముంచెదము. ఎవరు రాలేదో, ఏల రాలేదో, వారి యింటికి వాగెంత దూరమో తొమ్మిదవ తరగతివారు వ్రాయవలెను. జ్వరపడినవానిని ముందు ఆసుపత్రికి పంపవలెను, వ్రాత తరువాత. ఎవరి పేరును బయటపెట్టరాదు. పారితోషికము వచ్చెనా, సంతసమే. రాకున్నను, ఏ వాగు దగ్గఱ జ్వరములు హెచ్చో మన బడికి తెలియును. అది చాలును.