మహదానందపు వేళ నోటి మాట

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! మరణవార్త చెవినపడగానే పలకవలసిన మాట మన పిల్లలకు సైతం తెలుసు. 'ఇన్నా లిల్లాహ్' అప్రయత్నంగానే నోటికి వస్తుంది. మరి పట్టరాని సంతోషం కలిగినప్పుడు మన నోట మొదట వెలువడే మాట ఏది?

దివ్య ఖుర్ఆన్‌లో 'ఫరహ్' అనే పదం ఉంది. యూనుస్ సూరా 58వ ఆయతులో, అల్లాహ్ అనుగ్రహానికీ కారుణ్యానికీ సంతోషించమని ఆ పదంతోనే ఆజ్ఞ వచ్చింది. ఖసస్ సూరా 76వ ఆయతులో ఖారూన్‌ను అతని జాతివారు అదే పదంతో వారించారు. అరబీలో ధాతువు ఒక్కటే అయినా తెలుగులో మనకు రెండు మాటలు కావాలి. మొదటిచోట 'సంతోషించండి' అంటాము, రెండోచోట 'మిడిసిపడకు' అంటాము. ఖారూన్ తప్పు సంతోషించడం కాదు. ఆ సంపద యావత్తూ తన జ్ఞానం మూలంగానే లభించిందని అతడు పలికాడు. ముఖం ముడుచుకొని ఉండటమే భక్తి అని తలచేవారు కూడా మనలో ఉన్నారు. అటువంటివారు కఅబ్ బిన్ మాలిక్ (రజి) వృత్తాంతాన్ని శ్రద్ధగా వినాలి.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ యాత్రకు వెళ్ళకుండా మదీనాలోనే ఉండిపోయిన ముగ్గురు విశ్వాసులలో కఅబ్ ఒకరు. ఆయన సాకులు కల్పించలేదు. దైవప్రవక్త (స) ఎదుట నిజం ఒప్పుకున్నారు. ఆ ముగ్గురితో ఎవరూ మాట్లాడరాదని ఆదేశం వెలువడింది. యాభై రాత్రులు గడిచాయి. సలాం చేస్తే బదులు పలికేవారు లేరు. యాభయ్యో రాత్రి గడిచిన ఉదయం, తన ఇంటి కప్పుపై ఫజ్ర్ నమాజు ముగించుకొని కూర్చొని ఉండగా, సల్అ కొండపై నుండి ఒకరు బిగ్గరగా కేక వేశారు: కఅబ్, శుభవార్త! ఆ వార్త చెప్పడానికి మరొకరు గుర్రంపై బయలుదేరారు గాని, గుర్రం కన్నా గొంతు ముందు చేరింది.

కఅబ్ నోట ఆ క్షణంలో ఏ మాటా వెలువడినట్లు హదీసులో లేదు. ఆయన సజ్దాలో పడిపోయారు. తరువాత, కేక వేసిన వ్యక్తి రాగానే తాను ధరించిన రెండు వస్త్రాలనూ తీసి అతనికి తొడిగారు. ఆనాడు ఆయనకు వేరే వస్త్రాలు లేవు. రెండు వస్త్రాలు అరువు తెచ్చుకొని కట్టుకొని మస్జిదుకు వెళ్ళారు. దైవప్రవక్త (స) ముఖారవిందం ఆనందంతో వెలిగిపోతున్నది. అప్పుడు కఅబ్ అడిగిన ప్రశ్నను గమనించండి: ఈ మన్నింపు మీ తరఫు నుండా, లేక అల్లాహ్ తరఫు నుండా? అల్లాహ్ నుండేనని జవాబు వచ్చింది. ఆనందం ఉప్పొంగుతున్న వేళ కూడా, అది ఎవరి దయ అన్నదే ఆయన తెలుసుకోగోరిన సంగతి. 'అల్‌హమ్దు లిల్లాహ్' అనే పలుకు చేసే పని కూడా ఇదే.

నోరు తడబడటమూ ఉంది. ఎడారిలో ఒంటెనూ, దానిపైనున్న అన్నపానీయాలనూ పోగొట్టుకొని, చావుకు సిద్ధపడి పడుకున్న మనిషి కళ్ళు తెరిచేసరికి ఆ ఒంటె ఎదుటే నిలిచి ఉన్నదట. మహదానందంలో అతడు తానే ప్రభువైనట్లూ అల్లాహ్ దాసుడైనట్లూ తారుమారుగా పలికాడు. దైవప్రవక్త (స) ఈ ఉదంతాన్ని చెబుతూ, సంతోషాతిశయం వల్లనే అతడు పొరబడ్డాడని వివరించారు. దాసుడు పశ్చాత్తాపంతో మరలివచ్చినప్పుడు అల్లాహ్ అతనికన్నా అధికంగా సంతోషిస్తాడని బోధించారు. తడబడిన నాలుక వేరు, ఖారూన్ నాలుక వేరు.

ఇక ఇతరుల సంతోషం. ఆమిర్ బిన్ రబీఆ (రజి) ఒకసారి సహ్ల్ బిన్ హునైఫ్ (రజి) దేహకాంతిని చూసి అబ్బురపడి మెచ్చుకున్నారు. సహ్ల్ అక్కడే కుప్పకూలారు. శుభం కలగాలని ఎందుకు దుఆ చేయలేదని దైవప్రవక్త (స) ఆమిర్‌ను మందలించారు. మనం నిత్యం వాడే 'ముబారక్' అనే మాట 'బరకత్' ధాతువు నుండి పుట్టినదే. ఆ మాట అన్నామంటే ఎదుటివారి కలిమి నిలవాలనీ, పెరగాలనీ అల్లాహ్‌ను వేడుకున్నట్లే. ఈ సంగతి మరచి, సెల్‌ఫోనులో వేలితో ఒక గుర్తు నొక్కి ఊరుకుంటున్నాము.

నేనెరిగిన ఇద్దరు అన్నదమ్ముల మధ్య గోడ విషయమై మాటలు లేవు. అన్నగారి కుమార్తె చదువులో చక్కగా ఉత్తీర్ణురాలైంది. తమ్ముడు బజారులో నలుగురితోనూ 'మాషా అల్లాహ్' అన్నాడట. అన్న గడప మాత్రం తొక్కలేదు. ఆ బిడ్డ ఆ రోజంతా వాకిలి వైపే చూసిందని తరువాత తెలిసి నా మనసు బరువెక్కింది. ఆ ఇంటికి నేనైనా వెళ్ళి ఉండవలసింది.

ఆనాడు కఅబ్ మస్జిదులో అడుగుపెట్టగానే తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) కూర్చున్నచోటు నుండి లేచి పరుగున ఎదురువచ్చి, చేయి కలిపి అభినందించారు. ముహాజిర్లలో మరెవ్వరూ లేవలేదు. తల్హా చేసిన ఆ మేలును తాను మరువలేదని కఅబ్ స్వయంగా చెప్పుకున్నారు.

ఈ మాటలు చెప్పి, నా కొరకూ మీ కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను.