ఊలు పళ్లు - మన గంటల లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో అల్లికల జట్టు తరఫున చదివిన ప్రసంగం)



బయట బల్ల మీద పెట్టిన ఊలు మామిడికాయలు, సీతాఫలాలు, నిమ్మకాయ-మిరపకాయల దండలు మీరందరూ చూసే లోపలికి వచ్చారు. అవి ఎలా అల్లుతున్నాం, ఎంతకి అమ్మాలి, అమ్మేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి - ఈ మూడు మాటలూ చెప్పి కూర్చుంటాం.

కొక్కెం సూది మన జిల్లాకి కొత్త కాదు. 1844లో గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో స్కాట్లాండు మిషనరీ దంపతులు లేసు అల్లిక నేర్పారనీ, అక్కణ్ణుంచి అది నరసాపురం, పాలకొల్లు వైపు పాకిందనీ పెద్దలు చెబుతారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేసు అల్లిన చెయ్యి ఊలు పండు తొందరగానే నేర్చేసుకుంటుంది. కానీ ఒక్క తేడా ఉంది. లేసులో ఖాళీలే అందం. పండులో ఖాళీ ఉంటే లోపలి దూది బయటికి కనపడుద్ది. అందుకని ఊలు లావుకి మామూలుగా వాడే సూది కన్నా ఒక నంబరు సన్నది పట్టుకుని, బిగువుగా అల్లాలి.

నిమ్మకాయతో మొదలుపెట్టండి. దారంతో ఉంగరం చుట్టి అందులో 6 కుట్లు. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, అంటే 12. మూడో వరసకి 18, నాలుగో వరసకి 24. అక్కణ్ణుంచి నాలుగైదు వరసలు పెంచకుండా, తగ్గించకుండా అల్లితే పొట్ట వస్తుంది. తర్వాత 18కి, 12కి తగ్గించుకుంటూ రావాలి. మూతి మూసుకుపోకముందే దూది కూరాలి. చివర 6 కుట్లకి దించి ముడి లాగెయ్యాలి. గుండ్రంగా తిరిగే అల్లిక కాబట్టి వరస ఎక్కడ మొదలైందో తెలియదు. మొదటి కుట్టులో వేరే రంగు దారం ముక్క గుర్తుగా పెట్టుకోండి. మామిడికాయకి ఒక పక్కనే కుట్లు పెంచితే ఆ వంపు వస్తుంది. సీతాఫలానికి బుడిపెల కుట్టు వెయ్యాలి. ఫైబర్ దూది వాడితే ఉతికినా త్వరగా ఆరుతుంది. మామూలు దూది తడిస్తే ఉండలు కడుతుంది.

ఇక రెండో మాట, ధర. ఇది అసలు మాట.

బొమ్మలు టోకున కొంటామని వచ్చిన ఒక వ్యాపారి కాయకి 25 రూపాయలు ఇస్తానన్నాడు. ఊలు, దూది మనవే. "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడేగా అల్లేది, అది కూడా పనేనా అమ్మా" అన్నాడు. ఈ మాట ఇవాళ పుట్టింది కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త నరసాపురం లేసు స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి పనితో పాటు రోజూ గంటల తరబడి అల్లే ఆడవాళ్లని పనివాళ్లుగా కాక, ఖాళీ సమయం గడుపుకునే గృహిణులుగా చూడబట్టే వాళ్ల కూలి అంత తక్కువగా ఉందని ఆవిడ చూపించారు. నలభై ఏళ్లు దాటినా మన గుమ్మం ముందు అదే మాట.

లెక్క వేసి చూద్దాం. ఒక మామిడికాయకి ముప్పావు గంట పడుతుంది అనుకోండి. ఊలు, దూది 12 రూపాయలు. వ్యాపారి ఇచ్చే 25లో అది పోతే మిగిలేది 13. అంటే గంటకి 17 రూపాయల చిల్లర. మెడ నొప్పి, కళ్ల మంట మన ఖాతాలోనే.

ఇప్పుడు మన లెక్క. గంటకి 40 అని గీత గీసుకుందాం. ఎనిమిది గంటలకి 320, ఉపాధి హామీ కూలికి దగ్గర్లో ఉంటుంది. ముప్పావు గంటకి కూలి 30, సరుకు 12, కవరు, రవాణా 5, సమాఖ్య వాటా 3. మొత్తం 50. ఇది అత్యాశ కాదు, అసలు ఖర్చు. ఎవరైనా బేరమాడితే ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసి చూపించండి. ఏ అంకె తగ్గించమంటారో ఆయన్నే అడగండి.

మూడో మాట, జాగ్రత్తలు. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అది 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తుల వాళ్లు తయారుచేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి అల్లే ప్రతి సభ్యురాలూ చేతివృత్తుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి. చిన్నపిల్లల చేతికి వెళ్లే పండుకి పూస, గుండీ, తీగ ఏదీ పెట్టొద్దు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు, గొంతుకి అడ్డం పడుతుంది. కాడ, ఆకు కూడా ఊలుతోనే అల్లి, లాగినా రాకుండా కుట్టండి. గుమ్మానికీ, కారుకీ కట్టే దండల మీద "అలంకరణకు మాత్రమే" అని చీటీ పెట్టండి. నరసాపురం లేసు పేరు మాత్రం ఈ పళ్లకి తగిలించొద్దు. ఆ పేరు దాని నియమాల ప్రకారం అల్లే లేసుది, దాన్ని కాపాడుకోవలసింది కూడా మనమే.

అక్కల్లారా, చెల్లెళ్లారా, ఈ సభలో మేము కోరేవి రెండే. ప్రతి సంఘం పొదుపు పుస్తకం పక్కనే ఒక గంటల పుస్తకం పెట్టాలి. ఏ పండుకి ఎంతసేపు పట్టిందో అల్లినవాళ్లే రాయాలి. రెండోది, సమాఖ్య తీర్మానించిన ధర కన్నా కిందికి ఎవరూ దిగకూడదు. ఒక ఊళ్లో ఒకరు 25కి ఒప్పుకుంటే, రేపు పక్క ఊళ్లో అదే ధర అవుద్ది. అప్పు తీర్చడంలో ఒకరికొకరం పూచీ పడుతున్నాం కదా, ధర విషయంలో కూడా అలాగే నిలబడదాం.

తీర్మానాన్ని అధ్యక్షురాలు గారి ముందు ఉంచుతున్నాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.