కుమ్మరవిద్య
(మహాసభలో నొక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



తర్కశాస్త్రము నభ్యసించు బాలునకు గురువు మొట్టమొదట చూపు దృష్టాంతము కుండ. మన్ను లేక కుండ లేదు. కులాలుడు లేక కుండ లేదు. దండచక్రములు సహాయములు అని బోధింతురు. మనవారు మాత్రము చక్రమునే, అనగా సారెనే, విద్యకు ప్రాణమని తలంచుచున్నారు. సారె మూలబడిన యిండ్లలో విద్యయే గతించెనని నిరాశ నొందుచున్నారు. అది సరికాదని మన సీమ మన్నే సాక్ష్యమిచ్చుచున్నది.

బనగానపల్లె చెంత పాతపాడను గ్రామము కలదు. అచ్చట ప్రాచీన మృణ్మయపాత్రలు దొరకినవి. ఎఱ్ఱని పూతపై నల్లని గీతలు తీర్చిన యీ తీరు పాత్రలు మూడువేల యేండ్లకు పైబడినవి. కొన్నింటికి కాలువవంటి కొమ్ములు గలవు. అవి సారెపై పుట్టినవి కావు, చేతితో మలచినవి. సముద్రముల కావల ఉత్తర అమెరికాలో ఇరొక్వాయ్ పల్లెల స్త్రీలును సారె నెరుగకయే, మన్నులో రాతిపొడి కలిపి కుండలు చేసి, మొక్కజొన్నజావ కాచుకొనిరి.

కావున విద్య సారెలో లేదు. మన్ను నెరుగుటయందును, నిప్పు నెరుగుటయందును గలదు. మన కర్నూలు, కడప ప్రాంతముల రాక్షసగుళ్ళలో దొరకు పాత్రలు పెక్కు లోపల నలుపు, వెలుపల ఎఱుపు. గాలి తగిలినచోట మన్నులోని యినుము ఎఱుపెక్కును; గాలి చొరనిచోట పొగపట్టి నల్లబడును. కాలునపుడు రంగు పరమాణువులయందు మారునా, కుండయందే మారునా యని వైశేషికులును నైయాయికులును వాదించి గ్రంథములు వ్రాసిరి. ఆ రెండు రంగులను కోరినచోట తెప్పించిన కులాలుడు మాత్రము గ్రంథము వ్రాయలేదు.

వేసవిలో కుండనీరు చల్లబడుట మీరెరిగినదే. సూక్ష్మరంధ్రముల గుండ నీరు చెమర్చి, ఆవిరియగుచు, లోని వేడిని గొనిపోవును. మన్నులో ఇసుక యెంత, కాల్పు ఎంత యనుదానిపై నా చల్లదనము నిలిచియున్నది. ఆ లెక్క మన వృద్ధుల వ్రేళ్ళకు తెలియును, కాగితమునకు తెలియదు.

ఇదియే నా భయము. బిడ్డలు చదువులకై పట్టణములకు పోవుట తప్పని నేననను. సారె త్రిప్పుమని నిర్బంధింపను. ఏ చెరువు మన్ను, ఇసుక యెన్ని పాళ్ళు, ఆవమునకు ఏ కట్టె, ఎంతసేపు మంట, ఎప్పుడు మూత అను సంగతులను ప్రతిగ్రామమునను పెద్దల నడిగి వ్రాసి, వచ్చు మహాసభకు గొనితెండు. కుమ్మర మొల్ల రామాయణము రచించెనని మనము గర్వింతుము. ఆమె వ్రాసియుంచుట చేతనే గదా గర్వింపగలిగితిమి! వ్రాయనివాని విద్య వానితోనే మన్నగును.