వేళ్ళ వాపు మగ్గం వల్లేనా?

నూలు రేట్లు, రిబేటు గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను చేతివేళ్ళ గురించి చెబుతాను. ఎనిమిదో తరగతి వరకే చదివాను, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే చెబుతున్నాను.

మన ఇళ్ళల్లో వేళ్ళు నొప్పి అంటే ఎవరూ పట్టించుకోరు. నాడె విసిరే చెయ్యి, పోగులు అతికే వేళ్ళు నొప్పెట్టవా అంటాం. మా బరంపురం పట్టులో కుంభం అంచు నేసేవారికి వేళ్ళతోనే పనంతా. కానీ మగ్గం నొప్పి పని చేస్తే పెరుగుతాది, పడుకుంటే తగ్గుతాది. రుమటాయిడ్ కీళ్ళవాతం అలా కాదు. తెల్లారి లేచేసరికే వేళ్ళు బిగుసుకుపోతాయి, పిడికిలి పడదు, చెంబు పట్టుకోలేరు. అరగంటో గంటో దాటాక, పనిలో పడ్డాక సడలుతాది. ఎక్కువగా రెండు చేతులకూ వస్తుంది. పిడికిలి కణుపులు, వేలి నడిమి కణుపులు, మణికట్టు, కాలివేళ్ళ మొదళ్ళు వాస్తాయి. ఆడవాళ్ళకు మగవాళ్ళ కంటే 2, 3 రెట్లు ఎక్కువ. కండెలు చుట్టేది వాళ్ళే గనక పని వల్లే అని ఇంకా సులువుగా తోసేస్తాం.

మా వీధిలో ఒక కోడలికి ఇదే జరిగింది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగున్నాయి, రక్తంలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ కూడా లేదు అని గోళీలిచ్చి పంపేశారు. 8 నెలలు అలాగే గడిచింది. తర్వాత కీళ్ళవాతం డాక్టరు చేతికి అల్ట్రాసౌండ్ రాశారు. చేతికి స్కానింగేమిటని ఇంట్లో నవ్వారు, అది కడుపుతో ఉన్నవాళ్ళకే అనుకున్నారు. జెల్లు రాసి వేళ్ళ మీద ఆనించి చూస్తారు, అంతే. సూది లేదు, రేడియేషన్ లేదు.

ఎక్స్‌రేలో ముఖ్యంగా ఎముక కనబడుతుంది. ఈ జబ్బు మొదలయ్యేది ఎముకలో కాదు. కీలు లోపల పల్చటి పొర ఉంటుంది, అది ఉబ్బుతాది, నీరు చేరుతాది. ఆ పొరే తర్వాత ఎముకను కొరుకుతుంది. ఎక్స్‌రేలో తెలిసేసరికి బట్ట చిరిగిపోయినట్టే. అల్ట్రాసౌండ్‌లో పొర ఉబ్బు ముందే తెలుస్తుంది. పవర్ డాప్లర్ పెడితే రక్తం ఎక్కువ పారేచోట రంగు కనబడుతుంది, అంటే అక్కడ జబ్బు రగులుతోందన్నమాట. ఆమెకు చేత్తో నొక్కితే తెలియని కీళ్ళలో కూడా కనబడింది.

అలాగని స్కాన్ ఒక్కటే తీర్పు చెప్పదు. బాగున్నవాళ్ళ కీళ్ళల్లో కూడా కాస్త నీరు కనబడొచ్చు, చూసేవారి చేతివాటం కూడా ఉంటుంది. డాక్టరు కీళ్ళు నొక్కి చూసి, యాంటీ సీసీపీ, సీఆర్‌పీ పరీక్షలు కలిపి చెప్పాలి. వాపు స్పష్టంగా ఉంటే స్కాన్ కోసం మందు ఆపనక్కర్లేదు. మొదలైన 3 నెలల్లోపే మందు పడాలంటారు. మెతోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంకొకటి. షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి గోళీల్లో స్టెరాయిడ్ ఉంటే వాపు అణిగిపోయి స్కాన్‌లో కూడా సరిగా కనబడదు. ఏమేం మింగారో ఆ అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.