తప్పే సాక్ష్యం: వైరస్‌కీ, తాటాకుకీ, తెలుగుకీ ఒకే ట్రిక్

రీసెర్చ్ అనగానే కళ్లముందు ఏం కనబడుతుంది? తెల్లకోటు, టెస్ట్ ట్యూబు, మైక్రోస్కోపు. బీటెక్ వాళ్లకైతే జీపీయూలు, కాన్ఫరెన్స్ పేపర్లు. అదే ఎవరైనా "తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నా" అన్నారనుకోండి, పక్కవాళ్లు ఒక చిన్న నవ్వు నవ్వి "అందులో కనిపెట్టడానికి ఏముంటుందండీ?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుదాం. లిస్టు చదవను. ఒకే ఒక్క ఐడియా పట్టుకుని, అది ఏయే డిపార్ట్‌మెంట్ల గుమ్మాలు తొక్కిందో చూద్దాం.

ఐడియా మీకు ఆల్రెడీ తెలుసు. ల్యాబ్ రికార్డులు గుర్తు తెచ్చుకోండి. ఇద్దరి రికార్డులోనూ ఆన్సర్ కరెక్టుగా ఉంటే సారు ఏమీ అనరు. కరెక్ట్ ఆన్సర్ ఎవరికైనా ఒకటే కదా. కానీ ఇద్దరూ మూడో రీడింగ్ దగ్గర ఒకే వింత అంకె వేసి, ఒకే స్పెల్లింగ్ తప్పు రాశారనుకోండి, అయిపోయింది. ఒకరు ఇంకొకర్ని చూసి రాశారు, లేదా ఇద్దరూ పోయినేడాది సీనియర్ రికార్డు ముందు పెట్టుకున్నారు. అంటే ఒప్పు ఏమీ చెప్పదు, తప్పే చెప్తుంది. ఇద్దరికీ ఉన్న ఒకే తప్పు, ఇద్దరి వెనకాల ఉన్న ఒకే మూలాన్ని చూపిస్తుంది.

ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లలో కాపీని పట్టుకోవడానికి మాస్ అని ఒక టూల్ ఉంది, 1994 నుంచి వాడుతున్నారు. వేరియబుల్ పేర్లు మార్చేస్తే దొరకం అనుకునేవాళ్లు దానికి భలే దొరుకుతారు. అది కూడా సారు ఇచ్చిన స్టార్టర్ కోడ్‌ని, క్లాసులో చాలామంది దగ్గర ఒకేలా ఉన్న కోడ్‌ని పక్కన పెట్టేస్తుంది. అందరి దగ్గరా ఉన్నది సాక్ష్యం కాదు, కొద్దిమంది దగ్గరే ఉన్న వింతే సాక్ష్యం.

సరే, ఇప్పుడు లిబియా వెళ్దాం. బెంఘాజీ నగరంలో పిల్లల ఆసుపత్రి. 1998లో అక్కడ చికిత్స తీసుకున్న పిల్లలకి హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. ఒకరిద్దరు కాదు, 400 మందికి పైగా. ఊరంతా కోపం, ఏడుపు. అదే ఏడాది మార్చిలో బల్గేరియా నుంచి కొందరు నర్సులు ఆ ఆసుపత్రికి పనికి వచ్చారు. 1999లో ఐదుగురు బల్గేరియా నర్సుల్ని, ఒక పాలస్తీనా డాక్టర్‌ని పట్టుకున్నారు. పిల్లలకి కావాలనే వైరస్ ఎక్కించారని ఆరోపణ. 2004లో ఆరుగురికీ మరణశిక్ష వేశారు. తర్వాత ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారణ పెట్టారు.

ఇక్కడ సైంటిస్టులు ఏం చేశారో చూడండి. యూరప్ ఆసుపత్రుల్లో చికిత్స తీసుకున్న ఆ పిల్లల నుంచి వచ్చిన వైరస్ శాంపిళ్లు ఉన్నాయి. వైరస్ అంటే ఒక పొడుగు అక్షరాల వరస అనుకోండి. ఒళ్లో పెరుగుతున్నప్పుడు అది తనని తాను కాపీ చేసుకుంటుంది, హెచ్‌ఐవీ అయితే చాలా నిర్లక్ష్యంగా కాపీ చేసుకుంటుంది. ప్రతి కాపీలో అక్కడక్కడా అక్షరం తప్పు. ఆ తప్పు కింద పుట్టే కాపీలన్నిటికీ పోతుంది. కాబట్టి ఇద్దరు పిల్లల వైరస్‌లో ఒకే తప్పులుంటే వాటికి దగ్గరి మూలం ఒకటే. ఇంకో సంగతి, తప్పులు ఏ స్పీడులో పోగుపడతాయో అంచనా ఉంది. కాబట్టి పిల్లల వైరస్‌ల మధ్య ఎన్ని తేడాలున్నాయో లెక్కపెడితే, అవన్నీ ఒక్కటిగా ఉన్న రోజులు ఎంత వెనకవో లెక్క కట్టొచ్చు.

కట్టారు. 2006 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ పిల్లల వైరస్‌లన్నీ ఒకే కుటుంబం. పశ్చిమ ఆఫ్రికాలో తిరిగే రకానికి దగ్గర. ముఖ్యమైన మాట ఏంటంటే, వాటి మధ్య తేడాలు 1998 మార్చి తర్వాత పుట్టడానికి సరిపోనంత ఎక్కువ. అంటే నర్సులు విమానం దిగకముందే ఆ ఆసుపత్రిలో ఆ వైరస్ పాకుతోంది. పిల్లల్లో చాలామందికి హెపటైటిస్ సి కూడా ఉంది, అది కూడా ఇదే కథ చెప్పింది.

సినిమా అయితే ఇక్కడ జడ్జిగారు కళ్లజోడు తీసి "నిర్దోషులు" అనాలి. అలా జరగలేదు. పేపర్ వచ్చిన రెండు వారాల్లోపే కోర్టు మళ్లీ మరణశిక్ష వేసింది. చివరికి దేశాల మధ్య బేరాలు నడిచాక 2007 జులైలో ఆరుగురూ బల్గేరియా చేరారు. విడిపించింది రాజకీయమే, ఒప్పుకోవాలి. కానీ వాళ్లు ఆ పని చేసి ఉండే అవకాశం లేదని ప్రపంచం ముందు పెట్టింది మాత్రం ఆ అక్షరదోషాల లెక్కే.

కరోనా టైంలో ఇదే పని మన హైదరాబాద్ సీసీఎంబీలో జరిగింది. ఆ వైరస్ దాదాపు 30 వేల అక్షరాల వరస. నెలకి రెండు మార్పులు వచ్చేవి. ఏ వేరియంట్ ఎటు నుంచి ఎటు పోతోందో ఆ మార్పుల్ని బట్టే చెప్పారు. న్యూస్‌లో "కొత్త వేరియంట్" అని ఎర్ర అక్షరాలు పరిగెత్తేవి కదా, వెనకాల జరిగింది ఈ రికార్డు దిద్దే పనే.

ఇప్పటిదాకా విన్నవాళ్లు "ఇది బయాలజీ ట్రిక్ బ్రో" అనుకుంటారు. కాదు. ఇది పాత పుస్తకాలు చదివేవాళ్ల ట్రిక్.

అచ్చుయంత్రం రాకముందు పుస్తకం అంటే చేత్తో రాసిన కాపీ. మన దగ్గర తాటాకు మీద గంటంతో గీసేవాళ్లు. తాటాకు పురుగు పట్టి పోతుంది కాబట్టి కొన్నాళ్లకి ఇంకొకరు కూర్చుని మళ్లీ రాయాలి. రాసేటప్పుడు కళ్లు ఒక లైను దాటేస్తాయి. 'ప' 'వ'లా కనబడుతుంది. ఆ తప్పు తర్వాతి ప్రతిలోకి, దాని తర్వాతి ప్రతిలోకి పోతుంది. కవి చేత్తో రాసిన అసలు ప్రతి ఎక్కడా లేదు. వేర్వేరు ఊళ్లలో దొరికిన కాపీలున్నాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు. మరి కవి ఏం రాశాడు? "ఎక్కువ ప్రతుల్లో ఏముంటే అది" అంటే కుదరదు. పది మంది ఒకే చెడ్డ ప్రతిని చూసి రాసుంటే పది ఓట్లు కాదు, ఒకటే ఓటు. వాట్సాప్‌లో ఒకే ఫార్వర్డ్ పది గ్రూపుల్లో వస్తే పది సాక్ష్యాలు కానట్టే. అందుకే ముందు ఒకే తప్పులున్న ప్రతుల్ని గుంపులు చేసి, ఏది దేని నుంచి పుట్టిందో వంశవృక్షం గీస్తారు.

ఈ చెట్టు బొమ్మ ఎప్పటిదో తెలుసా? స్వీడన్ పాత చట్టాల చేతిరాత ప్రతులకి ష్లైటర్ అనే పండితుడు 1827లోనే గీశాడు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో, అందులో ఉన్న ఒకే ఒక్క బొమ్మ కూడా చెట్టే. డార్విన్ వీళ్లని చూసి గీశాడని నేను అనట్లేదు. పుస్తకాల వాళ్లు ముందే అక్కడున్నారు, అంతే.

తర్వాత బాకీ తీరింది లెండి. 1998లో కేంబ్రిడ్జి బయోకెమిస్టులూ, ఇంగ్లిష్ సాహిత్యం వాళ్లూ చేతులు కలిపారు. చాసర్ రాసిన కాంటర్‌బరీ టేల్స్‌లో ఒక భాగానికి 15వ శతాబ్దపు ప్రతులు 58 తీసుకుని, జీవుల వంశవృక్షాలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో వేశారు. పేపర్ నేచర్‌లోనే వచ్చింది. చాసర్ దగ్గరున్నది ఫైనల్ కాపీ కాదు, కొట్టివేతలూ చేర్పులూ గుర్తులు పెట్టుకున్న వర్కింగ్ డ్రాఫ్ట్ అయ్యుండొచ్చని తేల్చారు. మన భాషలో చెప్పాలంటే మెయిన్ బ్రాంచ్‌లోకి ఎక్కని కోడ్.

మన దగ్గర వేమన సంగతి తీసుకోండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఊరూరా నుంచి ప్రతులు తెప్పించి, పండితుల్ని జీతానికి పెట్టుకుని, పక్కపక్కన పెట్టి పోల్చి, 1829లో పద్యాలు అచ్చు వేశాడు. కడపలో ఆయన బంగళాలో ఈ పని చాలా ఏళ్లు నడిచింది. వేమన అయితే ఇంకా కష్టం, ఎందుకంటే ఆ పద్యాలు రాతలో కన్నా నోట్లో ఎక్కువ తిరిగాయి. ఎవరికి తోచింది వాళ్లు ఆయన పేరు మీద వేసేశారు. ఇంటర్నెట్‌లో ప్రతి కొటేషన్ కిందా అబ్దుల్ కలాం పేరు ఉన్నట్టు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. ఈ ట్రిక్‌ని ఒక పుస్తకానికి కాదు, మొత్తం భాషకి పెడితే?

తమిళంలో రెండుని ఇరండు అంటారు, కన్నడంలో ఎరడు. రోలుని తమిళంలో ఉరల్, కన్నడంలో ఒరళు అంటారు. వారు అనే మాట తమిళంలో అవర్. ఒకసారి పైకి అని చూడండి. ఇరండు, రెండు. ఉరల్, రోలు. అవర్, వారు. ఏం జరిగింది? ముందున్న అచ్చు వెనక్కి జరిగింది, వెనకున్న హల్లు ముందుకొచ్చి కూర్చుంది. ఎప్పుడో ఎవరి నోట్లోనో మొదలైన ఒక "తప్పు". అది నిలిచిపోయి మనకి ఒప్పయింది. మరి ఈ తప్పు ఇంకెవరి దగ్గరుంది? ఆదిలాబాద్ గోండుల్ని అడగండి. గోండిలో రెండుని రండ్ అంటారు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేసింది ఈ పనే, కాకపోతే మూడు మాటలతో కాదు, క్రియల మూలాలన్నీ తవ్వి. 1961లో తెలుగు వెర్బల్ బేసెస్ అనే పుస్తకం వచ్చింది. తెలుగుకి అతి దగ్గరి చుట్టాలు తమిళం, కన్నడం కాదు. గోండి, కొండ, కుయి, కువి లాంటి భాషలు అని చూపించారు. అంటే సినిమాలు, పేపర్లు ఉన్న భాషలు కాదు, అడవుల్లో కొండల మీద మాట్లాడే భాషలు. కొండ భాష మీద విడిగా ఒక పుస్తకమే రాశారు. మన భాషకి తోబుట్టువులు అరకు వైపు ఉన్నారని మన స్కూల్ పుస్తకంలో ఎంతమందికి చెప్పారు? నాకైతే చెప్పలేదు.

"మరి తెలుగులో అంత సంస్కృతం ఉంది కదా?" అనొచ్చు. ఉంది. బస్సు కూడా ఉంది, అలా అని ఇంగ్లిష్ మనకి అమ్మ కాదు. అరువు తెచ్చుకున్న సామాను వేరు, రక్తసంబంధం వేరు. ఈ మాటని 1816లోనే మద్రాసు కలెక్టర్ ఎల్లిస్ రాశాడు, అది కూడా క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో.

2018లో విష్ణుప్రియ కోలిపాకం, ఇంకొందరు కలిసి 20 ద్రావిడ భాషల మాటల్ని కంప్యూటర్‌కి ఇచ్చి చెట్టు కట్టారు. ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వచ్చింది. వాడిన సాఫ్ట్‌వేర్ పేరు బీస్ట్. వైరస్‌ల వంశాలు కట్టడానికి వాడేది కూడా అదే. ఇంకా సరదా ఏంటంటే, ఆ పేపర్‌లో మొదటి పేరున్న ఆవిడ పనిచేసేది డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో.

ఈ చెట్లు ఫెయిలయ్యే చోటు కూడా అన్నిట్లోనూ ఒకటే. ఒక రాయసగాడు రెండు ప్రతులు ముందు పెట్టుకుని నచ్చింది నచ్చినట్టు ఎత్తి రాస్తే కొమ్మలు కలిసిపోతాయి. బ్యాక్టీరియాలు పక్కవాటి నుంచి జీన్లు లాగేసుకుంటాయి. భాషలు మాటలు అప్పు తెచ్చుకుంటాయి. గిట్‌లో మర్జ్ కమిట్ చూసినవాళ్లకి ఈ తలనొప్పి కొత్త కాదు.

తేడా ఎక్కడొస్తుందంటే, చెట్టు గీశాక. వైరస్ వాళ్లు అక్కడ ఆగొచ్చు. సాహిత్యం వాళ్లు ఆగలేరు. ఒక చోట రెండు పాఠాలున్నాయి, చెట్టు ఏదీ తేల్చలేదు. ఒకటి అందరికీ తెలిసిన తేలిక మాట, ఇంకోటి అరుదైన కష్టం మాట. ఏది అసలు? ఎక్కువసార్లు కష్టమైనదే. ఎందుకంటే రాసేవాడు తనకి తెలియని మాటని తెలిసిన మాటగా మార్చేస్తాడు గానీ, తెలిసిన మాటని తీసి తెలియని మాట పెట్టడు. ఫోన్‌లో ఆటోకరెక్ట్ మన ఊరి మాటని ఏం చేస్తుందో రోజూ చూస్తున్నాం కదా. కానీ ఆ అరుదైన మాట నిజంగా ఒక మాటేనా, లేక ఉత్త పొరపాటా? అది తేల్చాలంటే ఆ కాలం భాష, ఛందస్సు, ఆ వృత్తుల వాళ్ల మాటలు తెలిసిన మనిషి కావాలి. ఈ పనికి ఇప్పటికి ఏ టూలూ లేదు.

ఇప్పుడు "అందులో కనిపెట్టడానికి ఏముంటుంది" అన్నవాళ్లకి. చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాల లైబ్రరీ ఉంది, బ్రౌన్ పోగుచేసిన ప్రతులు అక్కడే ఉన్నాయి. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో, తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాటాకులున్నాయి. ఆ పాత లిపి చదవగలిగేవాళ్లకి పైథాన్ రాదు, పైథాన్ వచ్చినవాళ్లకి ఆ లిపి రాదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చునే డిపార్ట్‌మెంట్లు మన దగ్గర తక్కువ. మీరు డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉండి ప్రాజెక్ట్ కోసం మళ్లీ అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కాకుండా ఇంకేదైనా చూస్తుంటే, ఒకే పద్యానికి నాలుగు అచ్చు పుస్తకాల్లో ఉన్న పాఠాలు టైప్ చేసి, తేడాలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టొచ్చు. వేమన బాగుంటుంది, పద్యం చిన్నది, ఎడిషన్లు బోలెడు. ప్రతి తేడాకీ ఏ పుస్తకం, ఏ పేజీ అని నోట్ చేసుకోవడం మాత్రం మర్చిపోకండి, తర్వాత వెతుక్కోలేరు.

వచ్చే ఎపిసోడ్‌లో సీ.ఆర్. రావు గారి గురించి. క్లాసులో ఒక స్టూడెంట్ అడిగిన ప్రశ్నకి ఆయన మర్నాటికల్లా జవాబు తెచ్చారు, అది 1945లో అచ్చయింది, ఇవాళ స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్లకీ సిలబస్‌లో ఉంది. ఉంటాను మరి.