పిల్లల చేతికి తగిన పుస్తకము



బాలల బీరువాకు కొత్త పుస్తకములు కొనునప్పుడు మనము "ఏ తరగతి వారికి?" అని అడుగుదుము. "ఈ బిడ్డ ఎంతవరకు చదువగలడు?" అని అడుగుట మేలు. ఒకే తరగతిలో ధారాళముగా చదివేవారును, గుణింతముల దగ్గర తడబడేవారును పక్కపక్కనే కూర్చుందురు.

2004లో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ సంస్థ తన కథలను నాలుగు స్థాయిలుగా విభజించినది. మొదటి స్థాయిలో తేలిక మాటలు మరల మరల వచ్చును. కథ 250 మాటలకు మించదు. నాలుగవ స్థాయి కథలు 1500 మాటలు దాటును. 2015లో ఆ సంస్థ ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఉచితముగా చదువవచ్చును.

చిన్నవారికి పెద్ద అక్షరములు, తక్కువ ఒత్తులు గల పుస్తకములు చూతము. పుటలో ఐదు మాటలు తెలియకున్న, ఆ పుస్తకమును మనమే చదివి వినిపింతము.

మనము మరచునది కూడబలుక్కొని చదివే పదమూడేండ్ల బాలుని. పసిపిల్లల బొమ్మల పుస్తకమిచ్చిన సిగ్గుపడి మరల బీరువా దగ్గరకు రాడు. లావు నవల ఇచ్చినను రాడు. అతనికి మాటలు తేలికగాను, విషయము వయసుకు తగినట్లుగాను ఉండవలెను: ఆటలు, యంత్రములు, సాహసయాత్రలు, జీవిత చరిత్రలు.

కావున ఈ ఏడు కొనే పుస్తకములలో ఒక వంతు ఇట్టి పిల్లల కొరకు కేటాయింతమని మనవి.