తాత వాచీ మనవరాలికి



ట్రంకుపెట్టె అడుగున ఒక పాత చేతివాచీ ఉందేమో చూడండి. ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. బెల్టు చీకిపోయి ఉంటుంది. అద్దం మీద గీతలు ఉంటాయి. నెల్లిమర్లలో అలాంటి వాచీ దొరికితే వింత లేదు. ఇది జూట్ మిల్లు ఊరు.

మిల్లు అంటే షిఫ్టులు. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు. మిల్లు కూత కూసేసరికి కార్మికుడు గేటు దగ్గర ఉండాలి. దూరపు పల్లె నుంచి నడిచి వచ్చేవాడు కూత విని బయలుదేరితే ఆలస్యమే. రైతుకి పొద్దు చూస్తే చాలు. మిల్లు కార్మికుడికి నిమిషం కావాలి. అందుకే చేతికి వాచీ.

ఆ వాచీ ఎలా వచ్చింది? కొందరు బోనసు డబ్బుతో కొనుక్కున్నారు. చాలామందికి పెళ్లిలో వచ్చింది. అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో. ఆ రోజుల్లో కట్నంతోపాటు అడిగేవి ఇవే. అంటే మగవాడి చేతికున్న వాచీ చాలాసార్లు ఆడపిల్ల పుట్టింటివాళ్లు అప్పు చేసి కొన్నదే. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

అప్పట్లో వాచీ అంటే చాలామందికి హెచ్.ఎమ్.టి. వాచీయే. అంతకుముందు మంచి వాచీలు స్విట్జర్లాండు లాంటి దేశాల నుంచి వచ్చేవి. పేదవాడు కొనలేకపోయేవాడు. 1961లో మన ప్రభుత్వ కంపెనీ హెచ్.ఎమ్.టి., జపాను దేశపు సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో వాచీలు చెయ్యడం మొదలుపెట్టింది. వాటిలో బాగా పేరొచ్చిన రకం ‘జనతా’. వెంట్రుకంత సన్నని ముక్కలు కూర్చే ఆ పనిలో ఆడవాళ్లు చాలామంది ఉండేవారు. తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చాయి. ఆపైన సెల్‌ఫోన్లు వచ్చాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించింది.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి మిల్లులో పనిచేశాడు. చనిపోయాడు. ఆయన జనతా వాచీ కూతురి దగ్గర ఉంది. ఆమెకు ఒక ఆడపిల్ల. పదో తరగతి చదువుతోంది. తాత వాచీ బాగుచేయించి పిల్ల చేతికి పెట్టాలని తల్లికి ఆశ.

అన్న వచ్చాడు. “అది చెత్త. సెల్లులో టైము కనపడదేటి?” అన్నాడు. కాసేపటికి మళ్లీ, “బాగుచేయిస్తే మాత్రం నా కొడుక్కి ఇయ్యి. మగపిల్లడి చేతికి ఉండాల్సింది” అన్నాడు.

చెత్త అన్నవాడే తనకిమ్మని అడిగాడు. చూశారా?

దీనికి చట్టం ఏం చెప్తుంది? 1956 హిందూ వారసత్వ చట్టం ఉంది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, ఆయన సొంతంగా సంపాదించిన దానిలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వాటా వస్తుంది. ఇల్లయినా అంతే, వాచీ అయినా అంతే. వాచీని ముక్కలు చెయ్యలేం కదా. కూర్చుని మాట్లాడుకోవాలి. కానీ ‘ఆడపిల్లకి లేదు’ అనే మాట నిలవదు. ఇంట్లో ముసలి తల్లి బతికి ఉంటే ముందు ఆమెను అడగాలి. ఆ వాచీ పెళ్లిలో ఆమె పుట్టింటివాళ్లు పెట్టిందేమో! ఈ ప్రశ్న మన ఇళ్లలో ఎవరూ అడగరు.

సరే, అన్నాచెల్లెళ్లు ఒప్పుకున్నారు అనుకుందాం. వాచీ పిల్లకే. ఇక బాగుచేయించాలి.

వాచీ లోపల ఏముందో కొంచెం తెలిస్తే షాపులో ఎవరూ మోసం చెయ్యలేరు. కీ వాచీకి బ్యాటరీ ఉండదు. లోపల ఒక పొడవాటి ఉక్కు స్ప్రింగు, చాప చుట్టినట్టు చుట్టి ఉంటుంది. కీ ఇస్తే అది బిగుస్తుంది. మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. ఒక్కసారిగా విప్పుకోకుండా ఆపేది ఒక చిన్న చక్రం. దాన్ని బ్యాలెన్సు చక్రం అంటారు. అది ఉయ్యాలలాగ అటూ ఇటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా టిక్కుమంటుంది. జనతా వాచీ సెకనుకి 5 సార్లు టిక్కుమంటుంది. లెక్క వెయ్యండి. నిమిషానికి 300. గంటకి 18,000. రోజుకి 4,32,000. ఇంత పనిచేసే మిషను రూపాయి బిళ్లంత ఉంటుంది.

డయలు మీద 17 అని అంకె ఉంటుంది. లోపల 17 రాళ్లు ఉన్నాయని దాని అర్థం. అవి కెంపులే గాని ఫ్యాక్టరీలో చేసినవి. అమ్మితే ఏమీ రాదు. ఎవరైనా ‘కెంపులు తీసిచ్చెయ్, డబ్బులిస్తాను’ అంటే నమ్మకండి. చక్రాల ఇరుసులు ఇనుము మీద తిరిగితే అరిగిపోతాయి. రాయి మీద తిరిగితే అరగవు. రాళ్లు పెట్టింది అందుకే.

మరి వాచీ ఎందుకు ఆగిపోతుంది? చాలాసార్లు ఏదీ విరగక్కర్లేదు. లోపలి నూనె ఎండి జిగురైపోతుంది. మిల్లులో పనిచేసిన మనిషి వాచీకి నార దుమ్ము, చెమట కూడా తోడు. అప్పుడు చెయ్యాల్సింది సర్వీసింగు. మిషను విప్పి, ముక్కలన్నీ కడిగి, ఆరబెట్టి, సూది మొనతో కొంచెం కొంచెం నూనె పెట్టి మళ్లీ బిగించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. కొబ్బరినూనె చుక్క వేస్తే కదులుతుందని కొందరు వేస్తారు. కదలొచ్చు. నెల తిరక్కుండా గడ్డకట్టి ఇంకా పాడవుతుంది. కుట్టుమిషను నూనె కూడా వద్దు.

ఇంట్లో చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. జనతా వాచీకి అద్దం ప్లాస్టిక్‌ది. మెత్తని గుడ్డ మీద కొంచెం పళ్ల పేస్టు వేసి మెల్లగా రుద్దితే సన్న గీతలు పోతాయి. అంచుల దగ్గర పేస్టు గాని నీళ్లు గాని లోపలికి పోనివ్వకండి.

డయలు జోలికి మాత్రం వెళ్లొద్దు. “అమ్మా, డయలు కొత్తగా రంగు వేయిస్తాను, కొత్త వాచీలాగుంటుంది” అంటారు కొందరు. ఒప్పుకోకండి. తాత చూసిన అంకెలు అవి. మరక ఉంటే ఉండనివ్వండి. రంగు వేసిన వాచీని తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు, విలువ కూడా తగ్గుతుంది.

విదేశీ పాత వాచీ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. చీకట్లో మెరిసే ముళ్లు, అంకెలు ఉన్నవాటిని మనం రేడియం వాచీ అంటాం. 1960ల దాకా చాలా వాచీలకు నిజంగానే రేడియం పూసేవారు. అమెరికాలో 1917 నుంచి వయసు ఆడపిల్లలు ఫ్యాక్టరీల్లో ఆ పని చేశారు. కుంచె మొన సన్నబడాలని పెదవులతో తడపమని వాళ్లకు నేర్పారు. రేడియం ఒంట్లోకి పోయింది. దవడ ఎముకలు కుళ్లాయి. కొందరు చచ్చిపోయారు. కంపెనీ కాదు పొమ్మంది. అయిదుగురు ఆడవాళ్లు కోర్టుకెక్కారు. 1928లో కంపెనీ డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. ఆ రంగు మెరుపు పోయినా విషం పోదు, సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీ మూత పిల్లలు తియ్యకూడదు. గోటితో గీకకూడదు.

ఇక షాపు. విజయనగరం గంటస్తంభం దగ్గర బజారుకు వెళ్లండి. వాచీ రిపేరు చేసే ముసలాయనలు ఇప్పుడు తక్కువ. అడిగి తెలుసుకోండి. కీ వాచీ విప్పడం వచ్చా అని ముందే అడగండి. బ్యాటరీ మార్చడం ఒక్కటే వచ్చినవాడికి ఇవ్వకండి.

ఇక్కడ మీ చదువు పనికొస్తుంది. వాచీ వెనక మూత మీద నంబరు ఉంటుంది. ఇవ్వకముందే దాన్ని నోటుబుక్కులో రాసుకోండి. షాపులో చీటీ అడగండి. చీటీలో నాలుగు మాటలు ఉండాలి. వాచీ పేరు, నంబరు, చెయ్యాల్సిన పని, అయ్యే డబ్బు. చదివి చూసుకోండి. నంబరు తప్పు రాస్తే అక్కడే దిద్దించండి. సిగ్గు పడకండి. మార్చిన ముక్కలు మీకే ఇచ్చెయ్యమనండి. కొత్త విడిభాగాలు దొరకడం కష్టం. ఇంకో పాత వాచీ నుంచి తీసి వేస్తారు. అది తప్పు కాదు, కానీ మీకు చెప్పాలి.

వాచీ నడిచాక పిల్లకి మూడు సంగతులు నేర్పాలి. రోజూ పొద్దున్నే, చేతినుంచి తీసి కీ ఇవ్వాలి. బిగువు తగిలితే ఆపెయ్యాలి. బోరింగు దగ్గర నీళ్లు కొట్టేటప్పుడు, స్నానానికి తీసెయ్యాలి. రోజుకి ఒక నిమిషం అటూ ఇటూ అయితే అది రోగం కాదు, పాత వాచీ అంతే. ఒకసారి కీ ఇస్తే సుమారు ఒకటిన్నర రోజు నడుస్తుంది.

డబ్బాలో ఒక కాగితం కూడా పెట్టండి. మీ చేత్తో రాసింది. తప్పులున్నా పరవాలేదు. ఇలా రాయొచ్చు:

‘ఈ వాచీ మా నాయనది. మా అమ్మ పుట్టింటివాళ్లు పెళ్లిలో పెట్టారు. నాయన దీన్ని రాత్రి షిఫ్టుకి పెట్టుకునేవాడు. పాత బెల్టు చీకిపోయింది, కొత్తది వేయించాను. స్ప్రింగు మార్చారు. డయలు, ముళ్లు నాయన నాటివే. ఇప్పుడిది నీది. పొద్దున్నే కీ ఇయ్యి.’